అద్దాలతో 6/6 కనిపిస్తే సరిపోయినట్టేనా? హ్రస్వదృష్టిలో కేంద్ర దృష్టి, పక్కచూపు

క్లుప్తంగా: హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించడం, చాలామందిలో కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సాగడం వల్ల వస్తుంది. అద్దాలు బొమ్మను కంటి వెనుక తెర అయిన రెటీనా మీదికి చేరుస్తాయి, సాగిన రెటీనాను మాత్రం యథాస్థితికి తేలేవు. తక్కువ పవర్ ఉన్నవారిలో సరైన అద్దాలు పెట్టుకున్నాక కేంద్ర దృష్టి (సూటిగా చూసే చోటు), పక్కచూపు (దాని చుట్టూ కనిపించేది) రెండూ దాదాపు మామూలుగానే ఉంటాయి. మైనస్ 5, 6 డయాప్టర్లు (అద్దం పవర్‌ను కొలిచే ప్రమాణం) దాటాక మందమైన కాంతిని గుర్తించే శక్తి కొంత తగ్గుతుంది. మరోవైపు, ఎదిగే వయసులో కన్ను ఎంత పొడవు కావాలో నిర్ణయించడంలో పక్కచూపుకు వాటా ఉందని జంతువుల మీద జరిగిన ప్రయోగాలు చూపాయి. పిల్లల కోసం వచ్చిన కొత్త రకం అద్దాలు ఆ ఆలోచన నుంచి పుట్టినవే.

పిల్లల హ్రస్వదృష్టి కోసమంటూ పెద్ద కళ్లద్దాల దుకాణాల్లో ఇప్పుడు ఒక ప్రత్యేకమైన అద్దం అమ్ముతున్నారు. నడుమ మామూలు మైనస్ పవర్, దాని చుట్టూ వందల కొద్దీ బుల్లి కటకాలు. ధర మామూలు అద్దాల కన్నా చాలా ఎక్కువ. పవర్ పెరగకుండా ఆపుతుందని అమ్మేవారు చెబుతారు. పక్కచూపును పాడుచేస్తుందని ఎవరో బంధువు భయపెడతారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం, దానికి తగినంత అతి ఉన్నాయి.

ఇంకో అయోమయం పెద్దవాళ్లది. మైనస్ 8 పవర్ ఉన్న వ్యక్తి అద్దాలతో కంటి పరీక్ష అక్షరాల చార్టులో చివరి వరుస దాకా చదువుతాడు. అదే వ్యక్తి పక్కచూపును కూడా కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేయించుకుంటే కాగితం మీద అక్కడక్కడా నల్లటి మరకలు వస్తాయి. చూపు బాగున్నట్టా, పోతున్నట్టా? ఈ రెండు సందేహాల వెనుకా ఉన్నది ఒకే విషయం: సాగిన కంటిలో రెటీనా నడిమి భాగానికి, అంచు భాగానికి మధ్య ఉండే సంబంధం.

## చార్టు కొలిచేది ఎంత?

ఆరు మీటర్ల దూరం నుంచి చూసినప్పుడు 6/6 వరుసలోని ఒక అక్షరం కంటి దగ్గర చేసే కోణం 5 నిమిషాలు, అంటే డిగ్రీలో పన్నెండో వంతు. రెటీనా మీద ఆ అక్షరం ఎత్తు మిల్లీమీటరులో దాదాపు నలభయ్యో వంతు. చార్టు పరీక్ష ఆ కాస్త చోటు ఎంత చక్కగా పనిచేస్తోందో చెబుతుంది. అంతకు మించి చెప్పదు.

ఆ చోటు పేరు ఫోవియా. రెటీనా మధ్యలో సుమారు 1.5 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గుంట అది. రెటీనా మొత్తం వైశాల్యంలో ఐదు వందల వంతుల్లో ఒక వంతు కూడా కాదు. పగటి వెలుగులో పనిచేసే, రంగులు చెప్పే కోన్ కణాలు దాని నట్టనడుమ చదరపు మిల్లీమీటరుకు సగటున 2 లక్షల దాకా కిక్కిరిసి ఉంటాయి. మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు అక్కడ అసలు ఉండవు. నడుమ నుంచి బయటికి వెళ్లేకొద్దీ కోన్లు వేగంగా పలుచబడతాయి, రాడ్లు పెరుగుతాయి. 15 నుంచి 20 డిగ్రీల దూరంలో రాడ్లు అత్యంత దట్టంగా ఉంటాయి. కంటి మొత్తంలో రాడ్లు 9 కోట్లకు పైనే, కోన్లు 50 లక్షల లోపే.

పని విభజన కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. చూపు నిలిపిన చోటు నుంచి 10 డిగ్రీలు పక్కకు జరిగితే అక్షరాన్ని పోల్చే శక్తి అయిదో వంతుకు పడిపోతుంది. కానీ పక్క సందులోంచి దూసుకొచ్చే బండి, కాలికింద మెట్టు, చీకట్లో కదిలే నీడ, ఇవన్నీ మొదట పసిగట్టేది పక్కచూపే. చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి కేంద్రం కావాలి. నడవడానికి, బండి నడపడానికి అంచు కావాలి. ఒకటి బాగున్నంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు. కంటి నాడిని దెబ్బతీసే నీటికాసుల జబ్బు (గ్లకోమా) ముదిరిన కొందరు చివరి దశ దాకా 6/6 చదువుతూనే ఉండటం దీనికి బలమైన రుజువు.

## సున్నితత్వాన్ని ఎలా కొలుస్తారు?

దృష్టి సున్నితత్వం అంటే ఒక చోట కంటికి కనిపించాలంటే ఎంత కాంతి చాలు అన్న లెక్క. తక్కువ కాంతి చాలితే సున్నితత్వం ఎక్కువ. స్కాట్లాండ్ నేత్రవైద్యుడు హ్యారీ ట్రాక్వెయిర్ గత శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే దీన్ని అంధకార సముద్రం మధ్య లేచిన దీవిగా ఊహించాడు. దీవి శిఖరం ఫోవియా, వాలు చుట్టూ ఉన్న రెటీనా, తీరం చూపు ఆఖరయ్యే చోటు. ఒక కంటికి ఆ తీరం చెవి వైపు 90 డిగ్రీలకు పైగా, ముక్కు వైపు 60 డిగ్రీల దాకా ఉంటుంది.

ఆసుపత్రుల్లో చేసే ఫీల్డ్ టెస్ట్ ఈ దీవి ఎత్తులను కొలుస్తుంది. గిన్నెలాంటి తెర ముందు గడ్డం ఆనించి, మధ్యలోని గుర్తును చూస్తూ, ఎక్కడ వెలుగు చుక్క మెరిసినా మీట నొక్కాలి. చుక్క వ్యాసం అర డిగ్రీకి కాస్త తక్కువ. ఎక్కువగా వాడే పద్ధతిలో మధ్య నుంచి 24 డిగ్రీల మేర 54 చోట్ల కొలత తీస్తారు. ఫలితం డెసిబెల్స్‌లో వస్తుంది. 3 డెసిబెల్స్ తగ్గితే ఆ చోట చుక్క కనిపించడానికి రెట్టింపు కాంతి కావాలని అర్థం, 10 తగ్గితే పదింతలు. ఆరోగ్యంగా ఉన్న యువకుడి కంటిలో కూడా నడుమ నుంచి అంచుకు వెళ్లేకొద్దీ ప్రతి 10 డిగ్రీలకు సుమారు 3 డెసిబెల్స్ తగ్గడం సహజం.

హ్రస్వదృష్టి ఉన్నవారి ఫలితాన్ని చదివేటప్పుడు మొదట చూడాల్సింది అద్దం. పరీక్షలో పెట్టిన అద్దం ఒక డయాప్టర్ తప్పితే చుక్క చెదిరిపోయి, దాదాపు ఒక డెసిబెల్ పైచిలుకు తగ్గుదల కనిపిస్తుంది. ఈ నష్టం నడుమనే ఎక్కువ. అంచుల్లో ఒక్కో నాడీకణం పెద్ద వైశాల్యం నుంచి కాంతిని పోగు చేసుకుంటుంది కనుక కొద్దిపాటి మసక అక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. అంటే కేంద్రం పడిపోయి అంచు నిలిచి ఉంటే ముందుగా అనుమానించాల్సింది అద్దాన్ని. సరైన అద్దం ఉన్నా తగ్గుదల మిగిలితే అప్పుడు రెటీనా సంగతి చూడాలి.

## కన్ను సాగినప్పుడు

పెద్దవారిలో మామూలు కన్ను పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. అది ఒక మిల్లీమీటరు ఎక్కువైతే రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల మైనస్ పవర్ వస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ఎంఆర్ఐ చిత్రాలతో కంటి ఆకారాన్ని కొలిచారు. ఒక్కో డయాప్టర్ హ్రస్వదృష్టికి కన్ను పొడవు 0.35 మిల్లీమీటర్లు, ఎత్తు 0.19, వెడల్పు 0.10 చొప్పున పెరుగుతున్నట్టు తేలింది. కన్ను అన్ని వైపులకూ ఒకేలా ఉబ్బదు, వెనక్కే ఎక్కువగా సాగుతుంది.

రెటీనా కణాల సంఖ్య మాత్రం పెరగదు. గుంజి కట్టిన వలలో ముడులు ఎన్ని ఉన్నవి అన్నే ఉండి, వాటి మధ్య సందులు పెరిగినట్టు కోన్ల మధ్య దూరం పెరుగుతుంది. చదరపు మిల్లీమీటరుకు లెక్కేస్తే హ్రస్వదృష్టి ఉన్న కంటిలో కోన్ల సాంద్రత తక్కువ. 2008లో జీవించి ఉన్నవారి రెటీనాలోనే కణాలను ఫొటో తీసి ఈ సంగతి చూపించారు.

ఇంతవరకు సూటిగానే ఉంది. కానీ కన్ను పొడవైతే దాని వెనుక తెర మీద పడే బొమ్మ కూడా పెద్దదవుతుంది, ఆ సంగతి చాలా వివరణల్లో వదిలేస్తారు. 24 మిల్లీమీటర్ల కంటిలో బయటి ప్రపంచపు ఒక డిగ్రీ రెటీనా మీద 0.29 మిల్లీమీటర్ల మేర పరుచుకుంటుంది. 27 మిల్లీమీటర్ల కంటిలో అదే డిగ్రీ సుమారు 0.34 మిల్లీమీటర్లు. వైశాల్యంలో చూస్తే 40 శాతం దాకా ఎక్కువ. కణాలు దూరం జరిగాయి, బొమ్మా అందుకు తగ్గట్టు పెరిగింది. చూపుకు ముఖ్యమైనది ఒక డిగ్రీలో ఎన్ని కణాలు ఉన్నాయన్నదే తప్ప ఒక మిల్లీమీటరులో ఎన్ని అన్నది కాదు. సాగుడు అన్ని చోట్లా సమంగా ఉంటే రెండు లెక్కలూ ఒకదానికొకటి కొట్టివేసుకోవాలి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ పరిశోధకులు 2019లో ఫోవియా నడిబొడ్డులో ఈ లెక్క వేశారు. వచ్చిన జవాబు ఆసక్తికరమైనది. పొడవైన కళ్లలో మిల్లీమీటరు లెక్కన కోన్లు తక్కువే, కానీ డిగ్రీ లెక్కన మామూలు కళ్ల కన్నా ఎక్కువ. కనుగుడ్డు సాగినంతగా ఫోవియా సాగలేదన్నమాట. ఆ ప్రకారం హ్రస్వదృష్టి ఉన్నవారు అద్దాల మసక లేకుండా చూస్తే ఇతరుల కన్నా సూక్ష్మంగా చూడగలగాలి. వాస్తవంలో అలా జరగదు. ఎక్కువ పవర్ ఉన్నవారి సూక్ష్మదృష్టి మామూలుగానో, కొంచెం తక్కువగానో ఉంటుంది. దీని అర్థం, నష్టం ఏదైనా ఉంటే అది కోన్ల దగ్గర కాదు, వాటి నుంచి సంకేతం అందుకునే లోపలి పొరల్లో ఉండాలి.

మైనస్ అద్దం బొమ్మను కొంత చిన్నది చేస్తుంది. కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో పెట్టిన మైనస్ 8 అద్దం వల్ల బొమ్మ సుమారు 9 శాతం తగ్గుతుంది. కాంటాక్ట్ లెన్స్‌లో ఈ కోత అంతగా ఉండదు. ఎక్కువ పవర్ ఉన్నవారు లెన్స్ పెట్టుకోగానే అన్నీ కాస్త పెద్దగా, తేటగా కనిపిస్తున్నాయని చెప్పడం ఇందుకే.

## అంచుల్లో లెక్క ఎందుకు తప్పుతుంది?

ఫోవియాకు ఉన్న ఈ వెసులుబాటు అంచులకు లేదు. రెటీనా మందాన్ని కొలిచే ఓసీటీ స్కాన్లలో ఒకే రకమైన చిత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: హ్రస్వదృష్టి పెరిగేకొద్దీ ఫోవియా నడిబొడ్డు మందం తగ్గదు, ఒక్కోసారి కాస్త పెరుగుతుంది కూడా. దాని చుట్టూ ఉన్న వలయాలు మాత్రం పలుచబడతాయి. సాగుడు భారాన్ని చుట్టుపక్కల రెటీనాయే ఎక్కువగా మోస్తోందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

పనితీరు కూడా ఇదే దారిలో ఉంది. 2005లో వెలువడిన ఒక పరిశోధన, పక్కచూపుతో సన్నటి చారలను విడదీసి చూడగల శక్తి హ్రస్వదృష్టి తీవ్రతతో పాటు తగ్గుతూ పోతుందని చూపింది. నడిమి చూపుకు హద్దు పెట్టేది చాలావరకు కంటి కటకాల నాణ్యత. అంచులో హద్దు పెట్టేది మెదడుకు తీగలు పంపే గ్యాంగ్లియన్ కణాల మధ్య దూరం. అక్కడ అవి మొదటే పలుచగా ఉంటాయి, సాగితే ఇంకా పలుచనవుతాయి. ఈ నష్టాన్ని ఏ అద్దమూ పూడ్చలేదు.

ఫీల్డ్ టెస్ట్ అంకెలు ఏమంటున్నాయి? 1995లో రుడ్నికా, ఎడ్గర్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు హ్రస్వదృష్టి ఉన్నవారి సున్నితత్వాన్ని కంటి పొడవుతో పోల్చి చూశారు. కన్ను 26 మిల్లీమీటర్లు దాటినవారిలో, మైనస్ 5 డయాప్టర్ల పైబడినవారిలో సగటు సున్నితత్వం తక్కువగా వచ్చింది. అంతకు లోపు ఉన్నవారిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత వచ్చిన ఫలితాలను కలిపి చూసినా స్థూలంగా ఇదే చిత్రం. మైనస్ 2, మైనస్ 3 ఉన్నవారు పక్కచూపు గురించి బెంగపడటానికి ఈ అంకెల్లో ఆధారం లేదు. ఎక్కువ పవర్ ఉండి, వేరే జబ్బేమీ లేనివారిలో కూడా తగ్గుదల సాధారణంగా కొద్ది డెసిబెల్స్‌కు మించదు. రోజువారీ పనుల్లో అది తెలియదు కూడా.

## నష్టం అంచు నుంచే మొదలవుతుందా?

అంచు ముందు పోతుంది, కేంద్రం తర్వాత పోతుంది అని ఒక్క మాటలో చెప్పడం సులువే. ఆధారాలు అంత సులువుగా లొంగవు. రెటీనాలోని ఒక్కో భాగం కాంతికి ఇచ్చే విద్యుత్ స్పందనను విడివిడిగా కొలిచే పరీక్ష ఒకటి ఉంది. జపాన్ పరిశోధకులు 1997లో దీన్ని హ్రస్వదృష్టి ఉన్నవారి మీద వాడినప్పుడు పవర్ పెరిగేకొద్దీ స్పందనలు బలహీనపడ్డాయి, ఆ బలహీనత అంచు వైపు ఎక్కువగా ఉంది. అంచు వాదానికి ఇది బలమిచ్చింది.

హాంకాంగ్ పరిశోధకుల ఫలితాలు 2012లో వచ్చాయి. హ్రస్వదృష్టి ఉన్న పిల్లల్లో తగ్గుదల నడిమి భాగంలో కనిపించింది, పెద్దల్లో నడుమకు కాస్త ఆవల ఉన్న వలయంలో కనిపించింది. వయసును బట్టి చోటు మారిందన్నమాట. అంతకు ముందు 2006లో ఆస్ట్రేలియాలో జరిగిన మరో పరిశోధన, చాలా ఎక్కువ పవర్ ఉన్నవారిలో ఫోవియా దగ్గర కూడా కాంతి సున్నితత్వం తగ్గిందని, కారణం కోన్ల తర్వాతి పొరల్లో ఉన్నట్టుందని చెప్పింది. బర్కిలీ వారి కోన్ల లెక్క లేవనెత్తిన అనుమానమూ సరిగ్గా ఇదే.

వీటన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం తేలుతుంది. నిర్మాణపరంగా అంచు ఎక్కువ దెబ్బ తింటుంది. పనిపరంగా కేంద్రం కూడా పూర్తిగా తప్పించుకోదు, కాకపోతే 6/6 చార్టు ఆ తేడాను పట్టలేనంత మొద్దు పనిముట్టు. తెల్ల కాగితం మీద నల్లటి అక్షరాలు చదవడం కంటికి చాలా తేలికైన పరీక్ష. లేత బూడిద రంగు మీద ఇంకాస్త ముదురు బూడిద రంగును గుర్తుపట్టమంటే కథ వేరుగా ఉంటుంది. ఎక్కువ పవర్ ఉన్నవారు సాయంత్రం వేళ చూపు సరిగా ఆనడం లేదని చెప్పినప్పుడు చార్టు చూపించి కొట్టిపారేయడం సరికాదు.

## పక్కచూపే కన్నును పెంచుతుందా?

ఇప్పటిదాకా చెప్పింది కన్ను సాగాక ఏమవుతుందన్నది. అసలు కన్ను ఎందుకు సాగుతుంది అన్న ప్రశ్నలోనూ పక్కచూపు ప్రస్తావన వస్తుంది, కొత్త అద్దాల వ్యవహారమంతా ఇక్కడే ఉంది.

పుట్టినప్పుడు కన్ను పొట్టిగా ఉంటుంది, బొమ్మ రెటీనా వెనుక పడుతుంది. ఎదిగేకొద్దీ బొమ్మ సరిగ్గా రెటీనా మీద పడే దాకా కన్ను పెరిగి ఆగాలి. ఈ పెరుగుదలకు చూపే మార్గదర్శి అని 1977లో హార్వర్డ్‌లో టార్స్టెన్ వీజెల్, ఎలియో రవియోలా చేసిన పని సూచించింది. కనురెప్పలు కుట్టేసిన కోతిపిల్లల కళ్లు అతిగా పొడవయ్యాయి. తర్వాత జోష్ వాల్‌మన్ కోడిపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో ఇంకో వింత బయటపడింది. కంటిలో సగానికే మసక తెర కడితే ఆ సగం వెనుక భాగమే పెరిగింది. కంటినుంచి మెదడుకు వెళ్లే నరాన్ని తెంచినా మసకకు కన్ను సాగడం ఆగలేదు. అంటే రెటీనా తన మీద పడిన బొమ్మను చూసుకుని, ఎక్కడికక్కడ వెనుక గోడకు ఆదేశం ఇస్తోంది.

రెటీనాలో ప్రతి భాగమూ ఇలా ఓటు వేస్తే, వైశాల్యంలో ఎక్కువ వాటా అంచుదే కదా? హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో ఎర్ల్ స్మిత్ బృందం కోతిపిల్లల్లో దీన్ని పరీక్షించింది. లేజర్‌తో ఫోవియాను పోగొట్టినా కన్ను మామూలుగానే ఎదిగి సరైన పొడవు దగ్గర ఆగింది. నడుమ స్పష్టంగా ఉంచి అంచులకు మాత్రం మసక కలిగిస్తే కన్ను సాగింది. 2005 నుంచి వరుసగా వచ్చిన ఈ ఫలితాలు కన్ను పెరుగుదలను నడిపేది కేంద్ర దృష్టేనని అప్పటిదాకా ఉన్న నమ్మకాన్ని తలకిందులు చేశాయి.

దీని వల్ల మామూలు మైనస్ అద్దం మీదే అనుమానం వచ్చింది. హ్రస్వదృష్టి కన్ను వెనక్కి సాగి కోడిగుడ్డు ఆకారానికి దగ్గరవుతుంది కనుక నడుమకు సరిపోయే పవర్ పక్కలకు ఎక్కువవుతుంది. నడుమ బొమ్మ రెటీనా మీద, పక్కల బొమ్మ రెటీనా వెనుక పడతాయి. అంచులు 'ఇంకా పెరగాలి' అనుకుంటాయి. ఈ వాదన వినడానికి ఎంతో పొందికగా ఉంటుంది.

మనుషుల్లో ఆధారం అంత గట్టిగా లేదు. 1971లో నెదర్లాండ్స్‌లో పైలట్ల మీద వెలువడిన పరిశోధనను ఈ వాదానికి పునాదిగా దశాబ్దాల పాటు ఉదాహరించారు. పక్కల బొమ్మ వెనుక పడేవారికి తర్వాత హ్రస్వదృష్టి వచ్చిందని దాని సారాంశంగా ప్రచారమైంది. 2012లో స్వీడన్ పరిశోధకులు మూలాన్ని తిరిగి చదివి, పక్కల కొలతలు బహుశా హ్రస్వదృష్టి వచ్చాక తీసినవేనని చూపారు. అదే నిజమైతే అది కారణం కాదు, ఫలితం. అమెరికాలో పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2011లో ప్రచురించిన విశ్లేషణలోనూ, పక్కల బొమ్మ ఎక్కడ పడుతోందన్న దాన్ని బట్టి ఎవరికి హ్రస్వదృష్టి వస్తుందో చెప్పడం సాధ్యం కాలేదు. పునాది కదిలింది, దాని మీద కట్టిన అద్దాలు మాత్రం పనిచేస్తున్నాయి.

## అద్దాల్లో దాగిన సిద్ధాంతం

హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం ఒక జపాన్ సంస్థతో కలిసి రూపొందించిన అద్దంలో నడుమ 9 మిల్లీమీటర్ల మేర మామూలు పవర్ ఉంటుంది. దాని చుట్టూ తేనెపట్టు గదుల్లా సుమారు 400 చిన్న కటకాలు, ఒక్కొక్కటీ ప్లస్ 3.50 అదనపు పవర్‌తో. నేరుగా చూస్తే తేటగా కనిపిస్తుంది, పక్కల కొంత బొమ్మ రెటీనాకు ముందు పడుతుంది. 8 నుంచి 13 ఏళ్ల పిల్లల్లో రెండేళ్ల పరీక్ష తర్వాత 2020లో ఫలితాలు వచ్చాయి. మామూలు అద్దాల వారితో పోలిస్తే పవర్ పెరుగుదల 52 శాతం, కంటి సాగుడు 62 శాతం తక్కువ. ఇదే సూత్రం మీద రోజువారీ కాంటాక్ట్ లెన్స్ ఒకటి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిని 2019లో పొందింది.

52 శాతం తగ్గడం అంటే ఆగిపోవడం కాదు. ఏడాదికి ఒక డయాప్టర్ పెరిగేది అర డయాప్టర్ పెరిగిందన్నమాట. అది కూడా సగటు. దుకాణంలో 'ఆపుతుంది' అన్న మాట వినిపిస్తే అక్కడ సగం కోసేయాలి. పక్కచూపు పాడవుతుందన్న భయం సంగతి చూస్తే, ఈ అద్దాల అంచుల్లోంచి చూసినప్పుడు తేట తగ్గడం నిజమే, ఆ మసకే మందు. అది అద్దం తీయగానే పోయేది. సాగిన రెటీనాలో వచ్చే నష్టం అలా పోయేది కాదు. మెట్లు దిగేటప్పుడు, ఆటల్లో మొదటి కొద్ది రోజులు ఇబ్బంది ఉంటే తల తిప్పి నడిమి భాగంలోంచి చూడటం పిల్లలకు త్వరగానే అలవాటవుతుంది.

ఇంకో చిక్కుముడి కూడా ఉంది. బొమ్మను ముందుకు జరపకుండా పక్కల కాంట్రాస్ట్‌ను (వెలుగునీడల తేడాను) మాత్రం తగ్గించే మరో రకం అద్దం కూడా పరీక్షల్లో ఫలితం చూపింది. సిద్ధాంతం ప్రకారం మసక తెర కన్నును సాగదీయాలి, ఇక్కడ సాగుడును తగ్గిస్తోంది. రెటీనా అంచు దేన్ని కొలుస్తోందన్న ప్రశ్నకు ఒక్క జవాబు చాలదనిపిస్తుంది. బొమ్మ ఎక్కడ పడుతోంది, కాంట్రాస్ట్ ఎంత, వెలుగు ఎంత అనే మూడింటినీ అది కలిపి చూస్తోందేమో. వెలుగు పాత్ర మీద మాత్రం సందేహం తక్కువ. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడిలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో 30.4 శాతం మందికి, మిగతావారిలో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చినట్టు 2015లో తేలింది. ఆరుబయట వెలుగు గదిలో కన్నా పదుల రెట్లు ఎక్కువ. ఆ వెలుగులో రెటీనా విడుదల చేసే డోపమైన్ అనే రసాయనం కంటి సాగుడుకు కళ్లెం వేస్తుందన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ.

## నీటికాసులా, సాగిన కన్నా?

పెద్దవారిలో ఈ విషయం ఎక్కువగా తలనొప్పి తెచ్చేది నీటికాసుల పరీక్షలో. హ్రస్వదృష్టి ఉన్నవారికి ఈ జబ్బు ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువని ఆస్ట్రేలియాలోని బ్లూ మౌంటెన్స్ నేత్ర అధ్యయనం 1999లో చెప్పింది. జబ్బు మొదట దెబ్బతీసేది పక్కచూపునే. సాగిన కన్ను కూడా అక్కడే సున్నితత్వం తగ్గిస్తుంది. రెండింటికీ ఫీల్డ్ టెస్ట్ కాగితం మీద మరకలే గుర్తు.

విడదీయడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. సాగిన కంటిలో దృష్టి నాడి తరచుగా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, చుట్టూ నెలవంకలా రెటీనా పలుచబడి ఉంటుంది. దాని వల్ల అందరికీ 15 డిగ్రీల దగ్గర ఉండే గుడ్డిమచ్చ (నాడి బయటికి వెళ్లే, ఏమీ కనిపించని చోటు) పెద్దదిగా కనిపిస్తుంది. నాడి ఒరిగినవారిలో చెవి వైపు పై భాగంలో మరక రావడం మామూలు. రెండు కళ్లలోనూ అలా వస్తే మెదడులో గడ్డేమోనని స్కాన్లకు పంపడం కూడా జరుగుతుంది. కంటి వెనుక గోడ ఒకచోట గుంటలా ఉబ్బితే అక్కడ మాత్రం పవర్ ఇంకా ఎక్కువ ఉంటుంది. ఆ చోటుకు తగినంత అదనపు మైనస్ పెట్టి మళ్లీ పరీక్షిస్తే మరక తగ్గిపోతుంది. అద్దం చట్రం అంచు అడ్డొచ్చి వలయంలా మరక రావడం ఇంకో రకం. కాంటాక్ట్ లెన్స్‌తో చేస్తే అది ఉండదు.

అన్నిటికన్నా నమ్మదగిన ఆనవాలు కాలం. సాగుడు వల్ల వచ్చిన మరక ఏళ్ల తరబడి దాదాపు అలాగే ఉంటుంది. నీటికాసులది పెరుగుతుంది. ఒక్క పరీక్షతో తేల్చకుండా ఆరు నెలలకో, ఏడాదికో మళ్లీ రమ్మని వైద్యులు అనడానికి కారణం ఇదే. పాత కాగితాలు పారేసేవారు ఈ పోలికను చేజేతులా పోగొట్టుకుంటారు.

## ఇక్కడి పరీక్షల్లో లేనిది

2002లో ప్రచురించిన సర్వేల్లో మహబూబ్‌నగర్ గ్రామాల్లోని 7 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో హ్రస్వదృష్టి 4.1 శాతం, ఢిల్లీలో 5 నుంచి 15 ఏళ్ల వారిలో 7.4 శాతం. 2015లో ఢిల్లీ బడిపిల్లల్లో అది 13.1 శాతంగా నమోదైంది. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరుతో మొదలైన సామూహిక పరీక్షలు లక్షల మందికి కళ్లద్దాలు అందించాయి. వాటి ఉద్దేశం చార్టు చదవలేనివారిని గుర్తించడం. ఆ పని వరకు చార్టు సరైన పనిముట్టే, అంతమందికి ఫీల్డ్ టెస్ట్ చేయడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు.

చేయగలిగింది వేరే ఉంది. పిల్లలకు పవర్‌తో పాటు కంటి పొడవు కూడా కొలిపించి రాసి ఉంచుకోవాలి. కొలత నిమిషాల పని, కంటిని తాకకుండా యంత్రంతో తీస్తారు. పవర్ ఎంతన్నది ఇప్పుడు అద్దం ఏది కావాలో చెబుతుంది. పొడవు ఎంతన్నది ముందుముందు రెటీనాకు ఎంత ముప్పు ఉందో చెబుతుంది. 26 మిల్లీమీటర్లు దాటినవారికి ఏడాదికి ఒకసారి చుక్కలు వేసి రెటీనా అంచుల దాకా చూడటం మంచిది.

లేజర్ శస్త్రచికిత్స చేయించుకున్నవారికి ఇది మరీ ముఖ్యం. ఆ చికిత్స కంటి ముందు పొరను చెక్కి పవర్‌ను తీసేస్తుంది, కన్ను పొడవును ముట్టుకోదు. అద్దాలు పోయాక ఆసుపత్రికి వెళ్లే అలవాటూ పోతుంది, మైనస్ 7 నాటి పలుచని అంచు మాత్రం అలాగే ఉంటుంది. అద్దాలు ఉన్నా లేకపోయినా హఠాత్తుగా మెరుపులు, ఒక్కసారిగా పెరిగిన నల్లటి తేలాడే చుక్కలు, పక్క నుంచి తెర దిగుతున్నట్టు నీడ కనిపిస్తే అవి రెటీనా ఊడుతోందనడానికి గుర్తులు. నీడ నడుమకు చేరకముందే, చార్టు ఇంకా 6/6 చదువుతుండగానే, అదే రోజు రెటీనా నిపుణుడి దగ్గరికి వెళ్లాలి.